మామను దెయ్యం చేసిన బెల్ హౌసింగ్

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. వదిలించామని చెప్పేవాళ్ళు ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. నేను ఆ రెండు రకాలూ కాదు. ఒక ఆదివారం పొద్దున స్పానరు పట్టుకుని కూర్చుని, నా చేతులతో నేనే దెయ్యాన్ని తయారుచేసిన వాణ్ణి. అదీ పరాయి దెయ్యం కాదు, సాక్షాత్తూ మా మేనమామను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ఇది చదివి మా అత్త నన్ను తంతుందేమోనన్న భయం నాకు లేదు. పుదుచ్చేరిలో మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారే గాని చదవడం చాలామందికి రాదు, మా అత్తకు అసలే రాదు. నేను మా నాయనమ్మ పుణ్యమా అని నేర్చుకున్నాను. మీలో ఎవరైనా పనిగట్టుకుని ముత్యాల్‌పేట వెళ్ళి ఆమెకు చదివి వినిపిస్తే తప్ప నాకు ప్రమాదం లేదు. మీరు అంతటి దుర్మార్గులు కారని నమ్ముతున్నాను.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పాలిటెక్నిక్‌లో మెషిన్ డ్రాయింగ్ చెప్పేవాణ్ణి. వెంట్రుకలో నాలుగో వంతు తేడా వచ్చినా యంత్రం నాశనమవుతుందని రోజూ బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు నోట్సు రాసుకునేవాళ్ళు. నేను చెప్పింది వాళ్ళు నమ్మేవాళ్ళు, చిక్కల్లా నేను నమ్మకపోవడమే.

మా మామ ఎస్. గోవిందరాజులు గారికి ముత్యాల్‌పేటలో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో సముద్రం రంగు పాత అమెరికా కారు ఉండేవి. ఎప్పుడో ఒక ఫ్రెంచి దొర ఊరు వదిలి పోతూ వదిలించుకున్న బండి అది. స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, సందులోకి వచ్చిందంటే ఆవులు కూడా పక్కకు జరుగుతాయి. దానికి క్లచ్ లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. మామ పోవడానికి రెండేళ్ళ ముందే ఆ గేర్‌బాక్స్ పోయింది. దానికి సామాన్లు ఈ దేశంలో దొరకవు. బండి షెడ్డులో ఉండిపోయింది, తర్వాత మామ పోయాడు.

ఏడాది తద్దినం ఇంకా రెండు నెలలుందనగా మా కమలత్త నన్ను పిలిపించింది.

"రఘూ, ఆయన తివసానికి ముందుదినం ఆ బండిలో వీరాంపట్టినం పోయి రావాలరా. ఆయన బూడిద కలిపిన సముద్రాన్ని ఆయన బండిలోనే పోయి చూడాలని నాకు ఆశ. కాదంటే సెప్పు, ఇనప కొట్టోడికి ఇచ్చేస్తా."

"నేనుండగా ఇనప కొట్టోడెందుకత్తా? చేత్తో వేసే గేర్లు పెట్టి నడిపిస్తాను. ఎంతసేపు పని?"

ఆ చివరి రెండు మాటలూ నోట్లోనే ఉండిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పని కొంచెం వివరించాలి, ఓపిక పట్టండి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య గంట ఆకారంలో ఒక పెద్ద ఇనప మూత ఉంటుంది. బెల్ హౌసింగ్ అంటారు. దాని నడుమ ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది, గేర్‌బాక్స్ వచ్చి అందులో కూర్చుంటుంది. ఇంజను నడిబొడ్డు, ఆ రంధ్రం నడిబొడ్డు ఒకే గీత మీద ఉండాలి. గీత తప్పితే బండి ఊరుకోదు. ఎలా ఊరుకోదో ముందు ముందు చూస్తారు.

నేను ఒక పాత సామాను వ్యాను గేర్‌బాక్స్, ఇంకో బండి గంట మూత సంపాదించాను. రెంటినీ చూసి మా దేవనాథం మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఆయన మామకు పాత స్నేహితుడు, ఊళ్ళో పాత బండ్లన్నీ ఆయన చెయ్యి పడ్డవే. పురికొసతో కట్టిన ఒక చెక్కపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది డయల్ గేజు. యాడదో ఇంజను, యాడదో గంట. కొలవకుండా బిగించొద్దు. దీన్ని ఇంజను వెనక తిరిగే ఫ్లైవీల్ మీద నిలబెట్టి, ముల్లును రంధ్రం అంచుకు ఆనించి, ఇంజన్ని చేత్తో ఒక చుట్టు తిప్పు. ముల్లు ఎన్ని గీతలు ఊగిందో నాకు ఫోన్ చేసి సెప్పు. అయిదు దాటితే బిగించనే వొద్దు."

"అన్నా, నేను రోజూ చెప్పే పాఠమే ఇది."

"సెప్పేది వేరే, ముల్లును చూసేది వేరే" అన్నాడు మేస్త్రి.

ఆదివారం వచ్చింది. పాత గేర్‌బాక్స్ దించాను. ఇంజను వెనక మొహం తుడిచాను. ఇంతలో అత్త ఒక చిన్న రాగి రేకు పట్టుకొచ్చింది. ఏంబలం ఊళ్ళో దెయ్యాలు వదిలించే పూసారి మంత్రించి ఇచ్చాడట.

"దిష్టి రేకురా. ఎవురి కంటికీ పడని చోట పెట్టు. కంటికి పడితే పని చెయ్యదు."

ఎవరి కంటికీ పడని చోటు కోసం బండంతా వెతికాను. డిక్కీ తెరిస్తే కనపడుతుంది, సీటు ఎత్తితే కనపడుతుంది. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇంజను వెనక మొహం మీద అంటించి పైన గంట మూత బిగించేస్తే ఇక బ్రహ్మదేవుడికి కూడా కనపడదు! రేకును రెండు మడతలు పెట్టాను. వేలెడు చందనం మెత్తి అంటించాను, చందనం మీద కుంకుమ పెట్టాను, దండం పెట్టి మూత బిగించాను. వెంట్రుకలో నాలుగో వంతు గురించి బల్ల గుద్దే చెయ్యి ఇదే అని మనవి.

ఇక డయల్ గేజు పెట్టాలి. దానికి ప్లగ్గులు విప్పాలి, బండి కింద వెల్లకిలా పడుకోవాలి, ఇంజన్ని చేత్తో తిప్పాలి. రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి వంజరం చేప పులుసు వాసన వచ్చింది. చెక్కపెట్టె వైపు ఒకసారి చూశాను. వంటింటి వైపు ఒకసారి చూశాను. ఆ తర్వాత చెక్కపెట్టె వైపు మళ్ళీ చూడలేదు.

పులుసు తిని, చెయ్యి కడుక్కుని, మేస్త్రికి ఫోన్ చేశాను.

"రెండు గీతలు అన్నా."

"రెండేనా?"

"రెండే. ఒకటిన్నర అన్నా తప్పు లేదు."

"సరి. పెట్టె తెచ్చి ఇచ్చెయ్యి" అన్నాడు మేస్త్రి. మర్నాడే ఇచ్చేశాను.

తర్వాతి వారాల్లో క్లచ్ పెడల్, గేర్ రాడ్, మిగతా పనులన్నీ ముగించాను. తద్దినానికి ఇంకా రెండు వారాలుందనగా ఒక మధ్యాహ్నం బండిని ఒంటరిగా బయటికి తీశాను. మా ఊళ్ళో ఒంటిగంట దాటితే కొట్లు మూస్తారు, జనం పడుకుంటారు. వీధిలో కుక్క కూడా లేదు. ఎండ గోడల మీద కదలకుండా నిలబడి ఉంది. సముద్రం చప్పుడు ఆ వేళ మా వీధి దాకా వినిపిస్తుంది.

షెడ్డులోంచి తీసేటప్పుడు ఏ చప్పుడూ లేదు. వీధి చివర మలుపులో మళ్ళీ క్లచ్ తొక్కాను. కారులో ఎవరో మూలిగారు.

నిజం చెప్తున్నాను, అది ఇనుము చేసే చప్పుడులా లేదు. నా కాళ్ళ కిందనుంచి సన్నగా మొదలై, పైకి లేచి, గొంతు పూడుకుపోయినట్టు విరిగి, మళ్ళీ లేచింది. మంచాన పడ్డ మనిషి పక్కకు తిరగబోయి తిరగలేక చేసే చప్పుడు. కాలు ఎత్తాను, ఆగిపోయింది. వెనక సీటు చూశాను, ఖాళీగా ఉంది. మళ్ళీ తొక్కాను. "ఊఁ...హ్... ఊఁ..." కాలు దానంతటదే పెడల్ మీంచి లేచి వచ్చింది.

ఇంటికి పోదామని బండి తిప్పాను. రెండు వీధుల అవతల స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. నా చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. నా కళ్ళ ముందు గేర్ రాడ్ టక్కున కదిలి న్యూట్రల్‌లోకి వచ్చింది, ఎవరో పట్టుకుని లాగినట్టు. బండి మెల్లగా దొర్లుతూ వెళ్ళి ఒక మూసిన కొట్టు ముందు ఆగింది. తలెత్తి చూస్తే అది కాఫీ కొట్టు. మామ ముప్పై ఏళ్ళు ప్రతి సాయంకాలం బండి ఆపి కాఫీ తాగిన కొట్టు.

నవ్వకండి. ఆ ఎండలో, ఆ నిశ్శబ్దంలో, ఆ సీటులో మీరు కూర్చుని ఉంటే అప్పుడు తెలిసేది.

మర్నాడు అత్తను ఎక్కించుకున్నాను. ఆమె ఎప్పటిలాగే వెనక సీటులో కూర్చుంది. గేటు దాటుతూ క్లచ్ తొక్కాను. మూలుగు వచ్చింది. అద్దంలో చూస్తే అత్త మొహం తెల్లబడిపోయింది.

"ఆపరా. మళ్ళా తొక్కు."

తొక్కాను.

"ఆయనే" అంది అత్త. "ఆస్పత్రిలో కడపటి మూడు దినాలు ఇట్టనే మూలిగినాడు. ఇదే మూలుగు."

"అత్తా, అది..."

"నిజం సెప్పు రఘూ. పనిలో ఏమైనా తప్పు చేసినావా? బండి తప్పా ఇది?"

పాఠకులారా, ఇంత సూటిగా దేవుడు కూడా ఎవరికీ అవకాశం ఇవ్వడు. కొలవలేదు అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. కానీ నేను మెషిన్ డ్రాయింగ్ చెప్పే మనిషిని. నా పని తప్పయ్యే ప్రసక్తే లేదు. నా పని తప్పయ్యే ప్రసక్తి లేకపోతే ఇక మిగిలింది ఒక్కటే.

"లేదత్తా. డయల్ పెట్టి కొలిచి బిగించినాను. బండి తప్పేమీ లేదు."

"మరి?"

"మరి... మామేనేమో."

అనేశాను. నాలుగు బోల్టులు విప్పడానికి సిగ్గుపడి, మా అమ్మ తోడబుట్టినవాణ్ణి దెయ్యం చేసేశాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

ఆ రోజునుంచి మధ్యాహ్నం కాగానే బండి తియ్యాల్సి వచ్చేది. అత్త వెనక కూర్చుని మామతో మాట్లాడేది. కూడళ్ళ దగ్గర నేను క్లచ్ తొక్కక తప్పదు, మామ బదులు చెప్పక తప్పదు.

"ఏమయ్యా, కాళ్ళు నొప్పా?"

"ఊఁ..."

"సూసినావా రఘూ! నొప్పంట. ఏమయ్యా, ఈపు పట్టుకుందా?"

"ఊఁ...హ్..."

"అయ్యో దేవుడా, ఈపు కూడా అంట."

మామ సీటులో నేను కూర్చున్నాను కాబట్టి ఆయనకు పక్క సీటు కేటాయించింది. దాని మీద అరిటాకు పరిచి అన్నం, రసం, అప్పడం పెట్టేది. ఆ సీటు స్ప్రింగులు పాతవి. మలుపు తిరిగినప్పుడల్లా అది కిర్రుమని కిందికి కుంగి మెల్లగా పైకి లేచేది. అటు చూడకుండా బండి నడపడం నేర్చుకున్నాను. చివరికి నాకే అనుమానం పట్టుకుంది. అబద్ధం చెప్పింది నేనే అయినా, ఆ మూలుగు వింటూ వింటూ నేనే నమ్మడం మొదలుపెట్టాను. పొద్దున షెడ్డు తలుపు తీసేముందు తలుపు తట్టేవాణ్ణి. క్లచ్ తొక్కడానికి భయపడి ఊరంతా రెండో గేరులోనే తిరిగాను. ఎదురొచ్చే బస్సులు నన్ను తిట్టిన తిట్లకు మామ కూడా దిగి పారిపోవాల్సింది.

ఇంతవరకైతే నవ్వుకోవచ్చు. కానీ అత్త తిండి మానేసింది.

"ఆయనకు నొప్పి ఉండాదని తెలిసి నాకెట్ట దిగుతుందిరా ముద్ద?"

తద్దినం సంగతి మాట్లాడడానికి అయ్యవారు వస్తే వెనక్కి పంపించేసింది. "పోయినోళ్ళకు గదా తివసం. ఆయన ఈడనే మూలుగుతా ఉంటే పిండం ఎవురికి పెట్టేది?" అంది. మా అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. రోజురోజుకూ ఆమె మెడ సన్నబడడం నేను అద్దంలో చూస్తున్నాను. చూస్తూ కూడా నోరు విప్పలేదు.

మా అమ్మే ఏంబలం పూసారిని పిలిపించింది. ఆయన మోపెడ్ మీద నిమ్మకాయల సంచితో వచ్చాడు. నుదుటి నిండా విబూది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్ మీద చెవి పెట్టాడు. నన్ను కూర్చోబెట్టి క్లచ్ తొక్కమన్నాడు, వదలమన్నాడు, మళ్ళీ తొక్కమన్నాడు. తర్వాత ఆడవాళ్ళను లోపలికి పొమ్మన్నాడు. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. నా చెవి దగ్గర నోరు పెట్టి తమిళంలో గుసగుసలాడాడు. తెలుగులో చెప్తున్నాను.

"తంబీ, ఇది దెయ్యం కాదు. నా ట్రాక్టరు కూడా రెండేళ్ళ కింద ఇట్లాగే ఏడ్చింది. గేర్‌బాక్స్ దించి చూడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "స్వామీ, మీకు తెలియదు. ఇది దెయ్యమే."

"దెయ్యాల సంగతి నాకు తెలియదా?"

"ఇంజన్ల సంగతి నాకు తెలియదా?"

"అయితే గేరు దానంతటది ఊడుతోందా?"

"ఊడుతోంది. మామ కాఫీ కొట్టు ముందు ఊడింది!"

"కాఫీ కొట్టు ముందు స్పీడ్ బ్రేకర్ ఉందా?"

"ఉంటే?"

పూసారి నన్ను పైనుంచి కిందికి చూశాడు. లోకంలో నాకు ముందు ఎవరికైనా ఆ చూపు తగిలిందేమో నాకు తెలియదు. మంత్రగాడు యంత్రమంటున్నాడు, యంత్రాల పంతులు దెయ్యమని పోట్లాడుతున్నాడు! ఆయన ఒక్క నిమ్మకాయ కూడా కోయలేదు. అన్నీ సంచిలో వేసుకుని, పోతూ పోతూ అత్తతో, "అమ్మా, ఈ బండిలో ఉన్నదాన్ని నేను వదిలించలేను. నీ మేనల్లుడే వదిలించాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు. అత్త నా వైపు చూసింది. నేను షెడ్డు కప్పు రేకుల వైపు చూశాను.

మర్నాడు కాలేజీ నుంచి మధ్యాహ్నం ముత్యాల్‌పేట వెళ్ళాను. వీధి ఎప్పటిలాగే నిద్రపోతోంది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. పొయ్యి మీద రసం చల్లారిపోయింది. "అత్తా" అని పిలిచాను. పెరట్లోకి వచ్చేసరికి వినిపించింది.

"ఊఁ...హ్... ఊఁ..."

షెడ్డు తలుపు మూసి ఉంది. లోపల ఇంజను నడుస్తోంది, మూలుగు ఆగకుండా వస్తోంది. నేను జేబు తడుముకున్నాను. బండి తాళంచెవి నా జేబులోనే ఉంది. చేతికి చల్లగా తగిలింది.

ఎవరు నడుపుతున్నారు? అంతకు ముందు ఎప్పుడూ ఇంతసేపు మూలగలేదు. ఆ చప్పుడు తలుపు సందుల్లోంచి పాకుతూ వచ్చి పెరడంతా నిండిపోయింది. పారిపోదామనే అనుకున్నాను, దాచడం ఎందుకు? కానీ తలుపు కిందనుంచి నీలం పొగ వస్తోంది. దెయ్యాలకు పెట్రోలు పొగ రాదన్న జ్ఞానం నాకు ఆ క్షణంలో కలిగింది. పరిగెత్తి తలుపు లాగాను.

అత్త డ్రైవరు సీటులో ఉంది. తల స్టీరింగ్ మీద వాలి ఉంది. ఎడమ కాలు క్లచ్ మీద బిగుసుకుని ఉంది. మామ బీరువాలో దాచుకున్న రెండో తాళంచెవి వేలాడుతోంది.

ఇంజను ఆపి, ఆమెను రెండు చేతులతో లాగి పెరట్లో పడుకోబెట్టాను. మొహం మీద నీళ్ళు కొట్టాను. ఆమె దగ్గి, దగ్గి, కళ్ళు తెరిచింది. నా ప్రాణం అప్పుడు వెనక్కి వచ్చింది. ఆమె నన్ను కోప్పడింది.

"ఎందుకురా ఆపినావు? కాలు ఎత్తితే ఆయన గమ్మునుండిపోతాడు. ఎత్తకుండా ఉంటే ఏదో ఒకటి సెప్తాడని కూసున్నా. అప్పుడే సెప్పబోతా ఉండినాడు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "అత్తా, అది మామ కాదు. అది నా తప్పు. నేను కొలవలేదు. కొలిచినానని అబద్ధం చెప్పినాను."

"కొలవలేదా?"

"లేదు."

"ఏందిరా, ఎందుకు?"

ఇంత పెద్ద పాపానికి ఇంకా కాస్త గౌరవమైన కారణం ఉంటే బాగుండేది. "వంజరం పులుసు చల్లారిపోతుందని" అన్నాను.

కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "పో. మేస్త్రిని పిలుచుకోని రా" అంది, అంతే.

నేను వెళ్ళి జరిగిందంతా చెప్తుండగానే దేవనాథం మేస్త్రి చెక్కపెట్టె చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వు పెట్టె తిరిగిచ్చిన దినమే తెలుసు. దాని మీద నేను కట్టిన ముడి కట్టినట్టే ఉండాది. రెండు గీతలంట! ముడి విప్పకుండానే కొలిచే మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు."

"మరి అడగలేదేమన్నా?"

"నువ్వే వచ్చి సెప్తావని ఉండినాను. ఇంత దూరం పోతుందని నాకేం తెలుసు?" ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

గేర్‌బాక్స్ దించి డయల్ పెట్టాడు. నన్ను ఇంజను తిప్పమన్నాడు. ముల్లు ఊగడం కాదు, పరిగెత్తింది. అయిదు దాటింది, పది దాటింది, ఇరవై దాటి ఇంకా పోతూనే ఉంది. మేస్త్రి గంట మూత విప్పాడు. ఇంజను వెనక మొహం మీద రెండు మడతల రాగి రేకు, దాని చుట్టూ రాయిలా గట్టిపడ్డ చందనం, నడుమ చెక్కుచెదరని కుంకుమ బొట్టు కనపడ్డాయి.

"ఇదేంది?"

"రేకు అన్నా."

"ఏం రేకు?"

"దిష్టి రేకు."

మేస్త్రి స్పానరు కింద పెట్టాడు. నేల మీద కూర్చున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, కాస్త ఆగి, రేకును చూసి మళ్ళీ నవ్వుతూ, కాఫీ వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక వివరించాడు. రేకు మందానికి మూత ఒక పక్క ఎత్తుగా కూర్చుంది, అందుకని గేర్‌బాక్స్ కడ్డీ వంకరగా తిరుగుతోంది. క్లచ్ తొక్కినప్పుడల్లా ఇంజను చివర దాన్ని పట్టుకునే చిన్న బుష్ ఒరుసుకుని మూలిగింది. ఆక్సిలరేటర్ వదిలినప్పుడల్లా గేరు ఊడింది. మామ కాఫీ కొట్టు చేసిన పాపమల్లా స్పీడ్ బ్రేకర్ పక్కన ఉండడమే.

రేకు తీసి, మొహం గీకి, కొత్త బుష్ వేశాక కూడా మూత ఇంకా కాస్త పక్కకుంది. దాన్ని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ప్రతిసారీ ఇంజను నేను తిప్పాలి, ముల్లు నేను చదవాలి, అదీ గట్టిగా. అత్త పెరట్లో ముక్కాలి పీట మీద కూర్చుని వినేది.

"ఎంతరా?" అనేవాడు మేస్త్రి.

"తొమ్మిది."

"ఆమెకు వినపడేట్టు సెప్పు."

"తొమ్మిది!"

ఆఖరికి మూడు దగ్గర ఆగింది. నా జీవితంలో మూడు అనే అంకెను అంత భక్తితో ఎప్పుడూ పలకలేదు.

తద్దినానికి ముందురోజు వీరాంపట్టినం బయలుదేరాం. అత్త వెనక కూర్చుంది. పక్క సీటు మీద ఆకు లేదు. మొదటి కూడలిలో క్లచ్ మీద కాలు పెట్టాను. తొక్కాను. ఏ చప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ ఆ మూలుగుకు భయపడ్డాను, ఆ రోజు నిశ్శబ్దం అంతకంటే భయమేసింది. ఆమెకు మిగిలిన ఆ గొంతును కూడా నేనే నొక్కేశాననిపించింది. అత్త దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. సముద్రం దగ్గర చాలాసేపు నిలబడి ఏడ్చింది. నేనూ పడవల వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

తిరిగి వస్తుంటే ఒక పెద్ద కూడలిలో సిగ్నల్ పడింది. క్లచ్ తొక్కి ఆగాను. వెనకనుంచి అత్త ముందుకు వంగింది. పక్క సీటు వీపు మీద చెయ్యి వేసింది.

"ఏమయ్యా, ఇప్పుడు బాగుండావా?"

ఇంజను మెత్తగా తిరుగుతోంది. ఏ బదులూ రాలేదు. అత్త ఓపిగ్గా ఎదురుచూసింది. మళ్ళీ అడిగింది, "నిన్నే. బాగుండావా?" ఏమీ లేదు. అద్దంలో ఆమె మొహం చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఉన్నట్టుండి కమలత్త పకపకా నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

"ఇదిగోరా రఘూ, ఇప్పుడు గదా మీ మామ! నలభై ఏండ్లు కాపురం చేసినా, అడిగినదానికి ఒక్కనాడూ బదులు సెప్పినోడు కాదు. ఆ మూలిగినోడు ఎవురో గానీ పాపం, అడిగినదానికంతా బదులు సెప్పినాడు. బో మంచోడు!"

సిగ్నల్ పచ్చగా మారింది. వెనక బస్సులు హారన్లు కొడుతున్నా నేను కదల్లేకపోయాను, అంతగా నవ్వొచ్చింది, కళ్ళూ నిండాయి. మర్నాడు తద్దినం జరిగింది. అత్త కడుపునిండా తిన్నది, నాకు మాత్రం చేప పులుసు వాసన దూరంనుంచి వచ్చినా ఇప్పటికీ చెయ్యి డయల్ గేజు కోసం వెతుకుతుంది.

కావున నేను, జి. రఘు, మెషిన్ డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ముల్లు ఎంత ఊగితే అంతే చెప్తాను. నా పని తప్పయితే నా పని తప్పనే చెప్తాను. ఆ తప్పును చచ్చిపోయినవాళ్ళ మీద ఎన్నటికీ మోపను, ఒకవేళ ఖర్మకాలి మోపాల్సే వస్తే, బతికున్నప్పుడు పెళ్ళాంతో నాలుగు మాటలైనా మాట్లాడిన మగవాణ్ణి చూసి మరీ మోపుతాను.